డిస్టోపియా గారికి ఒక కొబ్బరి వ్యాపారి రాయునది

మహారాజశ్రీ యంగ్ అడల్ట్ డిస్టోపియా గారికి, అంటే చెడిపోయిన రేపటి లోకంలో కుర్రపిల్లలు తిరగబడే ఇంగ్లీషు నవలల వారికి, కోనసీమ జిల్లా అంబాజీపేట పక్క ఊరి నుంచి ఒక కొబ్బరి వ్యాపారి రాసుకుంటున్నది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమంగా ఉండరని తెలుసు, క్షేమంగా ఉంటే మీకు గిట్టుబాటు కాదు కదండీ.

మీరు నన్ను ఎరగరు గానీ మా అమ్మాయిని బాగా ఎరుగుదురు. టెన్త్ సెలవులు మొత్తం మీతోనే ఉంది, అన్నం తింటా మీరే, మామిడి టెంక చీకుతా మీరే, ఇప్పటికీ 140వ పేజీకి మామిడిరసం మరక ఉంది. జూన్లో తీసుకెళ్ళి విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో దింపేసి వచ్చాం. పెట్టె సర్దేప్పుడు వాళ్ళమ్మ మిమ్మల్ని తీసి మంచం కిందకి తోసేసింది, హాస్టల్లో నవల్స్ కనిపిస్తే తీసేసుకుంటారంట, రూల్స్ కాగితంలో సెల్ ఫోన్ కిందే రాసుంది. జూలైలో ముసురు పట్టి చెట్ల మీంచి కాయ దింపులు ఆగిపోయి, పీచు వొలుపు వాళ్ళు రాక, కొట్లో ఖాళీగా కూర్చుని మిమ్మల్ని తెరిచాను. అమలాపురంలో బీకాం చదివా లెండి, ఇంగ్లీషు వస్తది, కాకపోతే పంటు మీద గోదారి దాటినట్టు నిదానంగా వస్తది.

మొదట పట్టుకున్నది హంగర్ గేమ్స్, 2008 నాటిది. దేశం పేరు పానెం. జనానికి రొట్టె పడేసి సర్కస్ చూపిస్తే నోరెత్తరని పాత రోము వాళ్ళ లాటిన్ మాట ఒకటి ఉందట, అందులోంచి తీసిన పేరు. ఓసోస్, దీనికి లాటిన్ ఎందుకండీ, మా దగ్గర బియ్యం కార్డూ కోడిపందెమూ అంటే పశువుల కాసేవాడికి కూడా అర్థమవుద్ది. అందులో 12 జిల్లాలు రాజధానికి కప్పం కడుతుంటాయి, ఏటా చీటీ తీసి జిల్లాకి ఇద్దరు పిల్లల్ని, ఒక్కరే మిగిలేదాకా చంపుకునే ఆటకి పంపుతుంటాయి, 13వది తిరగబడితే నేలమట్టం చేశామని చెప్తారు. చదివి నాకు నవ్వాగలేదు, మా రాష్ట్రానికీ 13 జిల్లాలే ఉండేవి, 2022 ఏప్రిల్ 4న పొద్దున్నే లేచేసరికి 26 అయిపోయాయి, ఒక్కడు కూడా బాణం వెయ్యలేదు. ఇంతకీ మీ లెక్కలో మా కోనసీమ ఎన్నో నంబరు? మీకు బొగ్గుకో జిల్లా, చేపలకో జిల్లా, పంటలకో జిల్లా విడివిడిగా ఉన్నాయి. మాది వరీ కొబ్బరీ రొయ్యా గ్యాసూ, అన్నీ ఇక్కడే తీస్తారు, అన్నీ లారీల్లోనూ పైపుల్లోనూ వెళ్ళిపోతాయి, మాకు సిలిండర్ మాత్రం బుక్ చేసుకుంటే వస్తది.

రాజధాని జనం విందులో తిన్నది కక్కేసి మళ్ళీ తింటారని రాసి మమ్మల్ని భయపెడదామనుకున్నారు పాపం. సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చిన ఇంటికి ఒకసారి రండి. కక్కడం మర్యాద కాదు కాబట్టి గోళీసోడా ఇస్తాం, అంతే తేడా.

సరే, ఎటకారం పక్కన పెడితే ఒక్క చోట మాత్రం మీరు నన్ను ఆపేశారు. ఇంట్లో తిండి లేని పిల్లలు తమ పేరు ఇంకోసారి చీటీ రాసి బుట్టలో వేయించుకుంటే, దానికి బదులు తిండిగింజలు, నూనె ఇస్తారు. ఎంత ఆకలి ఉంటే అన్ని చీటీలు, ఎన్ని చీటీలైతే అంత చావు దగ్గర. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు వాన చూశాను. ఎందుకంటే ఎదురుగా నా అడ్వాన్సుల పుస్తకం ఉంది. కాలేజీ ఫీజు కట్టాల్సిన టైముకి రైతు నా కొట్టుకే వస్తాడు, నేను కాదనను, రాబోయే మూడు దింపులూ నాకే, ఇవ్వాళ్టి రేటుకే అని ఒక గీత గీసి డబ్బులిస్తాను. అందరూ నన్ను మంచోడంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి, మీరొచ్చి పాడు చేశారు.

పిల్లల్ని పోటీకి ఎంచే రోజుని మీరు రీపింగ్ అంటారు కదా. డిక్షనరీ తీసి చూస్తే కోత అని ఉంది. మాకు కోతలు రెండు రకాలండీ, చేలో కోసేవి ఒకటి, కాలేజీ పీఆర్వో మా వరండాలో కూర్చుని కోసేవి ఒకటి. మీ దగ్గర చీటీ తీసే మనిషి పింక్ విగ్గు పెట్టుకుని స్టేజీ ఎక్కుద్ది, మా దగ్గర పీఆర్వో సంక్రాంతి వెళ్ళగానే బైకేసుకుని ఇంటికే వస్తాడు, పిల్లకి ఇంకా టెన్త్ పరీక్షలు కూడా అవ్వవు, మజ్జిగ తాగుతా "మీ అమ్మాయిలో స్పార్క్ ఉందండీ, మీకోసం కన్సెషన్ మాట్లాడతా" అంటాడు. బాణాలేసే మీ హీరోయిన్, చీటీలో పేరొచ్చిన చెల్లెల్ని కాపాడ్డానికి నేనెళ్తా నేనెళ్తా అని అరుస్తది. ఇక్కడ చెయ్యెత్తి అరిచింది నేనేనండీ, మా అమ్మాయిని పంపుతానని.

తర్వాత డైవర్జెంట్. 2011ది. ఊరంతా అయిదు ఫ్యాక్షన్లు అని మొదటి పేజీల్లోనే చదివి, సుమోలు ఎప్పుడు లేస్తాయా అని వంద పేజీలు ఎదురుచూశా. తీరా చూస్తే అది మన సినిమాల ఫ్యాక్షన్ కాదంట, త్యాగం, శాంతి, నిజాయితీ, ధైర్యం, తెలివి అని అయిదు వర్గాలు, పదహారేళ్ళు వచ్చాక ఒకటి ఎంచుకుని ఇక చచ్చేదాకా అందులోనే ఉండాలి, అరచెయ్యి కోసుకుని గిన్నెలో రక్తం చుక్క వెయ్యాలి. మాకూ అయిదేనండీ! ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ. వయసు కూడా అదే. రక్తం చుక్క బదులు అప్లికేషన్ మీద తండ్రి సంతకం, అంటే మా దగ్గర రక్తం వేరే వాళ్ళది. మీ హీరోయిన్ ఒక్క వర్గంలో ఇమడదు, రెండు మూడింటికి సరిపోద్ది, అందుకే ప్రభుత్వం చంపడానికి తిరుగుద్ది. మా ఇంటర్ బోర్డు వాళ్ళు 2025లో ఆ సమస్య చాలా సింపుల్‌గా తేల్చేశారు, లెక్కలూ బయాలజీ రెండూ కలిపి ఎంబైపీసీ అని పెట్టారు. ఇప్పుడు డైవర్జెంట్ పిల్లని ఎవరూ చంపక్కర్లేదు, రెండు ఎంట్రెన్సులకీ చదివిస్తే చాలు. ఆ సినిమాలైతే మరీ అన్యాయం, 2016లో ఒకటి ఆడకపోయేసరికి చివరిది తియ్యనే లేదంట, విప్లవం మధ్యలో బడ్జెట్ అయిపోయింది. నరసాపురం సఖినేటిపల్లి వంతెనలాగ, శంకుస్థాపనలు అయ్యాయి గానీ మేమింకా పంటు మీదే.

లవ్ ట్రయాంగిల్ గురించి రాయను, ఆడపిల్ల తండ్రిని. మా అమ్మాయి కాలేజీలో అబ్బాయిల క్యాంపస్ ఊరికి అవతలి చివర ఉంది, ట్రయాంగిల్ ఏమన్నా ఉంటే అది ఫిజిక్స్ నోట్సులోనే.

నిఘా అంటారా, గోడకో కెమెరా పెట్టి తెగ కష్టపడిపోతారు మీరు. మా అరుగు మీద మా పెద్దత్త, ఆవిడ తోడికోడలు కూర్చుంటే చాలు, ఎవరి పిల్ల ఎవరి బండి ఎక్కిందో ఆ బండి రావులపాలెం చేరకముందే ఇంటికి కబురొచ్చేస్తది, కరెంటు ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మీ కథలన్నీ ప్రళయం అయిపోయాక మొదలవుతాయి. సముద్రం ముందుకొచ్చింది, యుద్ధం జరిగింది, ఊళ్ళు పోయాయి అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు మంట అక్కడే. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయ్యి 65 రోజులు మండింది, నాకప్పుడు పన్నెండేళ్ళు, రాత్రి పెరట్లోకెళ్తే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది, కోళ్ళు గూట్లోకి వెళ్ళట్లేదని మా నాయనమ్మ గోల. మరుసటి ఏడాది నవంబర్ 6న తుఫాను, వెయ్యి మందికి పైగా పోయారు, తెల్లారి లేచి చూస్తే ఎప్పుడూ కనపడని పక్క ఊరి గుడి గోపురం మా గుమ్మంలోంచి కనపడుతోంది, మధ్యలో ఉండాల్సిన కొబ్బరిచెట్లు లేవు. మీ పుస్తకంలో ఇదంతా మొదటి పేరా. మాకు ఆ తర్వాతదే కథ. పడ్డ చెట్లు లెక్కరాసే గుమస్తా ఎప్పుడొస్తాడు, పదహారు చెట్లు పడితే పది అని ఎందుకు రాశాడు, లిస్టులో పేరు ఉందా, ఉంటే ఇంటిపేరు తప్పు పడిందేంటి, దాన్ని మార్చడానికి అమలాపురం ఎన్నిసార్లు తిరగాలి. కొత్త మొక్క పాతితే కాపుకి రావడానికి ఏళ్ళు పట్టుద్ది, అన్నాళ్ళూ మా నాన్న ఆ ఖాళీలో అరటి వేసుకుని మమ్మల్ని లాక్కొచ్చాడు. మీ హంగర్ గేమ్స్ మూడో భాగం ఆగలేక చివర తిప్పి చూశా. యుద్ధం అయిపోద్ది, పేజీ తిప్పితే ఏళ్ళకేళ్ళు గడిచిపోతాయి, పచ్చికలో పిల్లలు ఆడుకుంటుంటారు. ఆ మధ్యలో ఏళ్ళన్నీ ఎవరు దున్నారండీ?

ఇంకా ఒకటి, మీ విలన్ కోటుకి తెల్ల గులాబీ పెట్టుకుంటాడు. గులాబీ పెట్టుకునేవాడు ఉంటే ఎంత సుఖమో కదా, వీడే అని వేలు పెట్టి చూపించొచ్చు. మా దాంట్లో ఎవర్ని చూపించాలి? వార్డెనమ్మకి జీతం సరిగ్గా రాదు. లెక్చరర్‌కి ర్యాంకులు రాకపోతే ఉద్యోగం ఉండదు. పీఆర్వోకి తలకింత అని కమిషన్. మీ ఆటలో 24 మంది పిల్లలు దిగితే ఒకరు మిగులుతారని లోకమంతా అయ్యో అంది. 2024లో మా నీట్ 23 లక్షల మందికి పైగా రాశారు, ఎంబీబీఎస్ సీట్లు లక్షా చిల్లర, మా వాళ్ళెవరూ అయ్యో అనలేదు, కోచింగ్ ఎక్కడ బావుంటుందని అడిగారు. నేనూ అడిగాను.

మీ అరేనాని మా వైపు బరి అంటాం. మా బాబాయి పందెం పుంజుల్ని పెంచుతాడు. పొద్దున్నే ఈత కొట్టిస్తాడు, ఒళ్ళు నిమురుతాడు, బాదంపప్పు జీడిపప్పు మటన్ కైమా పెడతాడు, సొంత పిల్లల్ని అంత ముద్దుగా చూడలేదాయన. భోగి నాడు దాని కాలికి కత్తి కట్టేప్పుడు కూడా ప్రేమగానే కడతాడు, నొప్పి పుడుతుందేమో అని దారం చూసుకుని మరీ. నేను ప్రతి ఏడూ నవ్వేవాణ్ణి, ఏంటి బాబాయ్ కోడికి బాదంపప్పా అని.

మొన్న ఆదివారం అమ్మాయి ఫోన్ చేసింది. పది నిమిషాలిస్తారు. తొమ్మిది నిమిషాలు వాళ్ళమ్మే, బాదంపప్పు రాత్రి నానబెట్టుకుంటున్నావా, తొక్క తీసి తింటున్నావా, వీకెండ్ టెస్టులో ఎందుకు తగ్గాయి, సెక్షన్ మార్చేస్తారంట కదా అని. చివరి నిమిషం నాకిచ్చింది. ఏం మాట్లాడాలో తెలీక నీ మంచం కింద పుస్తకాలు చదువుతున్నానమ్మలూ అన్నా. కాసేపు అటు నుంచి శబ్దం లేదు, కట్టయిందేమో అనుకున్నా. తర్వాత "ఎందాకా వచ్చావ్ నాన్నా" అంది. ఆ బాణాల పిల్లది రెండోది అయిపోయింది అన్నాను. "బరిలోకి పంపే ముందు వాళ్ళకి ఏమేం తినిపిస్తారో చూశావా?" చూశాను అన్నా. "ఈసారి బాదంపప్పు తేవద్దు నాన్నా, మూడో పార్ట్ తే" అంది, బీప్ బీప్ అని కట్టయిపోయింది.

వాళ్ళమ్మకి మొదటి ముక్క చెప్పలేదు, రెండోది కూడా చెప్పలేదు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పెద్దది ఒకటి కొన్నాను, అడుగున మీరు, మీ మీద బటర్ పేపర్, పైన రెండు వరసలు పూతరేకులు, వార్డెనమ్మకి విడిగా ఇంకో చిన్న డబ్బా. అంతా బానే ఉంది గానీ మీరు మరీ నాలుగొందల పేజీలేంటండీ, మూత పడట్లేదు. ప్రస్తుతానికి కొబ్బరి తాడు కట్టి ఉంచాను.

ఇట్లు,
ఎన్నో నంబరు జిల్లానో మీరు ఇంకా చెప్పని,
ఒక కొబ్బరి వ్యాపారి