కో-పైలట్ మాట కెప్టెన్ వినాలంటే

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డింగు రెండు గంటల పైచిలుకు ఉంటే, మొదటి గంటా నలభై నిమిషాలూ కెప్టెన్ గొంతు లేదు, గురక ఉంది. ఆయన లేచాక, రన్‌వే వైపు దిగుతున్నప్పుడు విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపులో ఉంది. మళ్లీ పైకి లేపమని, అంటే ‘గో అరౌండ్’ చేయమని కో-పైలట్ మూడుసార్లు హెచ్చరించాడని విచారణలో తేలింది. కెప్టెన్ మాత్రం దించడానికే చూశాడు. సుమారు 8,000 అడుగుల రన్‌వే మీద చక్రాలు నేలను తాకింది 5,200 అడుగుల దగ్గర.

2020 ఆగస్టు 7న వానలో, వెనుక గాలితో, అదే సంస్థ విమానం కోజికోడ్‌లో రన్‌వే దాటిపోయింది. 21 మంది పోయారు. అక్కడా కో-పైలట్ ‘గో అరౌండ్’ అన్నాడు, అక్కడా కెప్టెన్ వినలేదు. కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదని నివేదిక కో-పైలట్‌నూ తప్పుపట్టింది. నిబంధన ప్రకారం అది నిజమే. కానీ పక్కసీటులో ఉన్న సీనియర్ చేతిలోంచి విమానం లాక్కునే తెగువ ఆ రెండు మూడు సెకన్లలో ఎక్కడి నుంచి వస్తుంది? అది ముందే ఒప్పుకున్న పద్ధతిలోంచి రావాలి.

పద్ధతి ఉంది. మబ్బుల్లో దిగేటప్పుడు 1,000 అడుగుల ఎత్తుకల్లా చక్రాలు, ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనుక తెరుచుకునే పలకలు) సిద్ధంగా ఉండాలి, వేగం పరిమితిలో ఉండాలి, నిమిషానికి 1,000 అడుగులకు మించి దిగకూడదు. ఒక్కటి తప్పినా పైకి లేపాల్సిందే. ఇద్దరిలో ఎవరు ‘గో అరౌండ్’ అన్నా చర్చ ఉండకూడదు. రెండుసార్లు చెప్పినా సరైన జవాబు రాకపోతే రెండో పైలట్ ‘ఐ హేవ్ కంట్రోల్’, అంటే ‘ఇక నేను నడుపుతున్నా’ అని కంట్రోల్స్ అందుకోవాలి. ‘సార్, కొంచెం ఎత్తుగా ఉన్నామేమో’ అంటే వినేవాడికి అది సందేహంలా తోస్తుంది. అంకె చెప్పి, చేయాల్సిన పని చెప్పాలి.

అయినా ఇలా గాడి తప్పిన ల్యాండింగుల్లో నూటికి మూడే గో అరౌండ్‌తో ముగుస్తున్నాయని విమాన భద్రతపై పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్క. గమ్యం కళ్లెదుట కనిపిస్తుంటే దిగేయాలనే అనిపిస్తుంది. పైగా ఇంధనం ఖర్చు, ఆలస్యం, ఆపై సంజాయిషీ భయం. అందుకే పైకి లేపిన పైలట్‌ను కారణం అడగడం మానేసి, గాడి తప్పినా దిగినవాళ్లను అడగాలి. ప్రతి విమానం డేటా కంపెనీ చేతిలో ఉంటుంది. సిమ్యులేటర్‌లో కో-పైలట్‌తో కావాలని అభ్యంతరం చెప్పించి, కెప్టెన్ ఎంత త్వరగా విన్నాడో చూసి మార్కులు వేయాలి.