కోచ్ గారు మంచినీళ్లు తాగారు: వెళ్లిపోతున్నట్టేనా?

ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిందంటే దాని కోచ్ పెద్ద క్లబ్‌కు పోవడానికి పెట్టె సర్దుకుంటున్నట్టే లెక్క. ఇది నా మాట కాదు, మన వెబ్‌సైట్లు, యూట్యూబ్ చానెళ్లు కలిసి కనిపెట్టిన ప్రకృతి నియమం. పొద్దున్నే ఫోన్ తెరిస్తే 'క్లబ్‌కు కోచ్ గుడ్‌బై?' అని ఒకటి, 'కోచ్ మౌనం వెనుక అసలు కథ ఇదే!' అని ఇంకొకటి. థంబ్‌నెయిల్‌లో కోచ్ గారు ఎడమ పక్కకు చూస్తుంటారు. ఆ పక్కన పెద్ద క్లబ్ జెండా అతికించి ఉంటుంది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఊరికే తీసిపారేయకండి, దీనికో శాస్త్రం ఉంది. ఇంగ్లండులో పందేల కంపెనీ ఒకటి 'తర్వాతి కోచ్ ఎవరు' అని రేట్లు పెడుతుంది. అక్కడి పత్రిక ఆ రేట్లు చూసి వార్త రాస్తుంది. వార్త చూసి జనం పందెం కడతారు, రేటు మారుతుంది. రేటు మారింది కాబట్టి మరో వార్త. ఈలోగా కోచ్ గారి ఏజెంటు ఆ కటింగులన్నీ పట్టుకుని పాత క్లబ్ యజమాని దగ్గర కూర్చుంటాడు, జీతం మాట్లాడటానికి. మూడో రోజుకు అదే సరుకు తెలుగులోకి దిగి, 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అయిపోయి, తిరుపతి లీలామహల్ సర్కిల్లో టీ తాగుతున్న కుర్రాడి ఫోన్‌లో తేలుతుంది. వాడు పక్కవాడి భుజం తట్టి తీర్పు చెప్పేస్తాడు: "అయిపాయ మచ్చా, ఇంగ ఆయప్ప పోతా ఉండాడు."

పాపం ఆయప్ప ప్రెస్ మీట్‌లో ఏం చేసినా దొరికిపోతాడు. ఉంటానంటే 'ప్రస్తుతానికి ఉంటారట'. నా దృష్టంతా శనివారం మ్యాచ్ మీదే అంటే 'ప్రచారాన్ని ఖండించని కోచ్'. నవ్వితే సంకేతం, నవ్వకపోతే విభేదాలు. మంచినీళ్లు తాగాడా, ఇక చర్చే అక్కర్లేదు.

2024లో కోచ్ షాబీ అలోన్సోను ఏం చేశారో గుర్తుందిగా. జర్మనీ క్లబ్ లెవర్కూసెన్‌ను ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా అక్కడి పెద్ద లీగ్ బుండెస్‌లిగాలో చాంపియన్‌ను చేసే పనిలో ఆ మనిషి ఉంటే, వీళ్లు ఆయన్ను ఒక వారం లివర్‌పూల్‌లో, ఒక వారం బయర్న్ మ్యూనిక్‌లో ఉద్యోగానికి పెట్టేశారు. ఎక్కడికీ పోవడం లేదని మార్చి నెలాఖరున ఆయనే చెప్పాడు. తప్పు రాశామని ఎవరైనా ఒప్పుకున్నారా? 'అలోన్సో షాక్!' అన్నారు. మరుసటి ఏడాది రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. మేం ముందే చెప్పాం కదా అన్నారు.

ఇంత గొప్ప విద్యను యూరప్‌కే పరిమితం చేయడం అన్యాయం. మా బైరాగిపట్టెడలో ఒక టిఫిన్ బండి ఉంది. మాస్టర్ పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురు కట్టతో ఒక్క ఊపులో తుడిచి, పిండి తిప్పి, ఎవరితోనో మాట్లాడుతూనే ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లుతాడు. అంచు పైకి లేచే లోపల మడత పడిపోతుంది. ఏడింటికే జనం మూగుతారు. ఇంత ఫామ్‌లో ఉన్న మనిషి మీద బైపాస్‌లోని ఏసీ హోటల్ కన్ను పడదా? విలేకరి మైకుతో దిగాడనుకోండి.

"మాస్టర్ గారూ, ఏసీ హోటల్‌కు వెళ్తున్నారని జోరుగా ప్రచారం. మీ స్పందన?"

"రొంత పక్కకు జరగన్నా, నూనె చిందుతాది."

బ్రేకింగ్: 'పక్కకు జరగాల్సిన సమయం వచ్చింది' అన్న మాస్టర్.

రాత్రికి చర్చ. రిటైరైన వడ మాస్టర్ ఒకాయన విశ్లేషకుడు. "ఈ రోజు కారం తక్కువేశాడు, మనసు ఇక్కడ లేదు" అంటాడు. రేణిగుంట నుంచి ఫోన్‌లో ఒక అభిమాని, "రెండోసారి చట్నీ అడిగితే వెయ్యలేదు సార్, యాజమాన్యంతో పడటం లేదు" అని వాపోతాడు. యాజమాన్యం అంటే ఆయన భార్య. గల్లా దగ్గర చిల్లర లెక్కపెట్టుకుంటున్న ఆమె ముందు కూడా మైకు పెడతారు: అగ్రిమెంట్‌లో విడుదల నిబంధన ఉందామ్మా, ఎంతకు వదులుకుంటారు?

"మా ఆయన యాడికి పోతాడు సామీ, ఇంట్లో బియ్యం నానబోసుండాను."

'బియ్యం నానబోసిన యాజమాన్యం: కొత్త మాస్టర్ కోసం సన్నాహాలు?' ఇంకో చానెల్ నేరుగా ఏసీ హోటల్ గేటు దగ్గర్నుంచి లైవ్. మాస్టర్ స్కూటర్ లాంటి స్కూటర్ పార్కింగ్‌లో కనిపించిందట, ఎర్రటి గుండ్రంలో చూపిస్తారు. వారం తిరిగేసరికి, రోజూ రెండు కారం దోశలు లాగించే పెద్దమనిషే బండి దగ్గర నిలబడి, "ఇన్నేళ్లు మేం తినబట్టి కదప్పా నువ్వు మాస్టర్‌వైంది, ఇట్లా మోసం చేస్తావా?" అని నిలదీస్తాడు. మాస్టర్ ఇంకా అదే పెనం మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంటాడు.

పోనీ, పెద్ద క్లబ్‌కు పోయినవాళ్లు ఏమైనా బావుకున్నారా? గ్రాహమ్ పాటర్ 2022 సెప్టెంబరులో అయిదేళ్ల ఒప్పందంతో బ్రైటన్ నుంచి చెల్సీకి పోయి, ఏప్రిల్ మొదట్లోనే ఇంటికొచ్చాడు. ఎవర్టన్‌లో పదకొండేళ్లు నెగ్గుకొచ్చిన డేవిడ్ మోయెస్‌కు మాంచెస్టర్ యునైటెడ్ ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి ఒక్క సీజన్ పూర్తి కానివ్వలేదు. అప్పుడు చానెళ్లు ఏం చేశాయంటారా? తర్వాతి కోచ్ ఎవరని రేట్లు చూసుకుంటున్నాయి.

సరే బాబూ, కోచ్ వెళ్లిపోవడం అంత పెద్ద వార్తే అనుకుందాం. మరి 2023లో మనోలో మార్కెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీని వదిలి గోవాకు పోయినప్పుడు ఏం చేస్తున్నారు మీరంతా? అంతకు ఏడాది ముందే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిపెట్టిన కోచ్ ఆయన. ఆ తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. జట్టు పట్టికలో అట్టడుగుకు పడింది. 2025లో క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. కోచ్ కాదయ్యా, క్లబ్బు! 1951లో, 1962లో దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరి క్లబ్బు! 'హైదరాబాద్‌కు గుడ్‌బై?' అని నా ఫోన్‌కు ఒక్కటంటే ఒక్క నోటిఫికేషన్ రాలేదు. అదే వారం లండన్‌లో ఎవరో కోచ్ గడ్డం గీసుకుంటే వచ్చింది. సిగ్గుండాలి.

అంత దూరం కూడా వద్దు. మా ఇంటికి దగ్గర్లోని ఒక హైస్కూల్లో పీఈటీ సారును మొన్న బదిలీ చేశారు. వల లేని గోల్ పోస్టులు, కుట్లు ఊడిన ఒకే ఒక్క బంతి, అవి పెట్టుకునే ఆడపిల్లలను జిల్లా జట్టు దాకా తీసుకుపోయినాయన. పిల్లలకు ఆయన పోతాడని ముందు తెలియదు, పోయాక ఎవరొస్తారో ఇప్పటికీ తెలియదు. సాయంత్రం గ్రౌండ్‌కు వస్తున్నారు, వాళ్లలో వాళ్లే జట్లు పంచుకుని ఆడుకుంటున్నారు. విశ్వసనీయ వర్గాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా, ఆయన స్థానంలో ఎవరొస్తున్నారో రాయండి. బుకీలు రేట్లు ఇవ్వకపోతే పోనీ, ఊహించి రాయండి. ప్రశ్నార్థకం పెట్టే రాయండి, నేనేమీ అనను.