విందులో దిష్టిచుక్క

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే గుంటూరులో మా డీటీపీ (అచ్చుకి ముందు కంప్యూటర్లో పేజీలు కూర్చే) కొట్టుకి ఊపిరాడదు. కొట్టంటే అరండల్‌పేటలో మెట్ల కింద గది, ఒక కంప్యూటరు, నేను. పోయినేడు ఒక శుభలేఖ పని వచ్చింది. పెళ్ళికూతురి పెదనాన్నగారు నా వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పరీక్ష హాల్లో స్క్వాడ్ వచ్చినట్టు.

బొమ్మలూ అక్షరాలూ పేర్చే కోరెల్ డ్రా సాఫ్ట్‌వేర్లో, అను అనే తెలుగు ఫాంట్లతో మేటరు కొట్టా. బెజవాడ ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలవుతాయి కాబట్టి కంట్రోల్ క్యూ నొక్కి కర్వులు చేశా, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చేశా. పైన అలంకారానికి రెండు తమలపాకులు, ఒకదాని మీదికొకటి ఒరిగినట్టు. అన్నీ మెరూన్ రంగే కదా, ఒక ముద్ద చేస్తే ఏదీ పక్కకి జరగదని మొత్తం పట్టి కంట్రోల్ ఎల్ నొక్కా. అంటే కంబైన్.

"ఇదేందబ్బాయ్, ఆకులు కలిసినచోట చిల్లు పడింది?"

కోరెల్ డ్రాలో అంతే. కంబైన్ చేస్తే రెండూ ఒకే బొమ్మ అవుతాయి గానీ, ఒకదాని మీదొకటి పడ్డ మేర ఖాళీ అయిపోతుంది. నిజంగా అతకాలంటే వెల్డ్ కొట్టాలి.

"బ్రేక్ అపార్ట్ చేసి, మళ్ళీ వెల్డ్ చేస్తా బాబాయ్ గారూ" అన్నా. నోరు మూసుకుని చేసుంటే పోయేది.

"శుభమా అని కలుపుతుంటే బ్రేకులేందయ్యా! ఇంకా తాళే కట్టలేదు, అప్పుడే విడగొడతావా?"

ఆయన కంగారు నాకూ అంటుకుంది. బ్రేక్ అపార్ట్‌కి కంట్రోల్ కె నొక్కి, ఆకుల్ని దగ్గరికి లాక్కుని వెల్డ్ చేసి, సేవ్ కొట్టా. కరెంటు పోయింది.

కరెంటొచ్చి ఫైలు తెరిస్తే 'చిరంజీవి' నుంచి 'కల్యాణం' దాకా సున్నలన్నీ దిష్టిచుక్కలు! వరుడి 'వ'కి, 'ర'కి కడుపులు పూడుకుపోయాయి. సున్నంటే మనకి ఒక్క చుట్టే. కంప్యూటరుకి రెండు: బయటి గీత, లోపలి గీత. కలిసున్నంతసేపూ లోపలిది చిల్లు. విడగొట్టామా, అదీ నిండు బిళ్ళే. చేసిన పనిని వెనక్కి తిప్పే కంట్రోల్ జడ్ ఉంది గానీ, కొత్తగా తెరిచిన ఫైల్లో అది ఏ పాత ముచ్చటా ఎరగదు.

ఆయన్ని భోజనానికి పంపి, రాత్రి పదకొండు దాకా ఒక్కో సున్నకీ బయటి గీతా లోపలి గీతా పట్టుకుని కంట్రోల్ ఎల్ నొక్కుతూ కూర్చున్నా. (ఆకులు వదిలేసి మిగతాదంతా ఒక్కసారి పట్టి అదే కంట్రోల్ ఎల్ కొడితే క్షణంలో అయిపోయేదని మర్నాడు ఇడ్లీ తింటుంటే తట్టింది. ఆ ఇడ్లీ సగంలో వదిలేశా.)

400 కార్డులు అచ్చయి వచ్చాయి. పెదనాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చదువుతూ చదువుతూ 'విందు' దగ్గర ఆగారు. సున్న ముద్దగా, గుండ్రంగా, నిండుగా ఉంది.

"విందుకి దిష్టి తగలకుండా పెట్టావా?"

నేను నేల చూపులు చూశా. ఆయనేమీ అరవలేదు. నా బిల్లు తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, 500లో చివరి సున్నని తీరిగ్గా నల్లగా పూడ్చి, యాభై కాయితం బల్ల మీద పెట్టారు.

"ఒక సున్న పూడింది గదబ్బాయ్. మా లెక్కలో అది సున్న కాదుగా మరి."