‘బ్యాంకు సొమ్ముతో నెల గడపండి’ అంటున్నారు, మిగిలేది 72 రూపాయలు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం రకరకాల రూపాల్లో తిరుగుతోంది. సారాంశం ఇది: ‘అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అనేది పాత మాట. డబ్బున్నవాళ్లు జీతాన్ని ఖాతాలోనే ఉంచి, నెల ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద పెడతారు. 50 రోజులు వడ్డీ ఉండదు. కుదరని నెల మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం) కడితే చాలు. పెద్ద వస్తువులు నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల్లో) కొనండి. నగదు కావాలంటే కార్డు గీకండి. యూపీఐకి చార్జీలు పడుతున్నాయి, కార్డే మేలు. పాయింట్లు, క్యాష్‌బ్యాక్ అదనం. ఆటోపే పెట్టేసి మరిచిపోండి.’

ఇందులో నిజం కొంత ఉంది. రోజువారీ కొనుగోళ్లకు కార్డు వాడి, ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాళ్లకు ఆ వాడకం మీద వడ్డీ పడదు. మిగతా మాటలను ఒక్కొక్కటిగా లెక్కలో పెట్టి చూద్దాం.

‘50 రోజులు వడ్డీ లేని అప్పు’

50 అనేది అత్యధికం. అన్ని కొనుగోళ్లకూ అంత గడువు దొరకదు. మీ బిల్లు తేదీ 5, గడువు తేదీ 25 అనుకోండి. జూన్ 6న కొన్న బియ్యం బస్తా జులై 5 బిల్లులోకి వెళ్తుంది కాబట్టి దానికి 49 రోజులు దొరుకుతాయి. జూన్ 4న కొన్న దానికి దొరికేది 21 రోజులే. నెల పొడవునా సమంగా ఖర్చు పెట్టే ఇంటికి సగటున 35 రోజులు.

ఈ 35 రోజులూ సొమ్ము ఖాతాలో ఉంటే వచ్చేదెంత? స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో సేవింగ్స్ వడ్డీని ఏడాదికి 2.5 శాతానికి తగ్గించింది. పెద్ద ప్రైవేటు బ్యాంకులదీ దాదాపు అంతే. నెలకు 30,000 కార్డు మీద పెడితే, 35 రోజులకు వచ్చే వడ్డీ 72 రూపాయలు. ఆరు శాతం ఇచ్చే స్వీప్ డిపాజిట్‌లో (ఖాతాలో అదనపు సొమ్ము దానంతటదే ఎఫ్‌డీగా మారే ఏర్పాటు) పెట్టినా 173. డబ్బున్నవాళ్ల రహస్యం విలువ నెలకు ఇంతే. ఈ 72ను గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

(వడ్డీ లేని అప్పే కావాలంటే వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఎప్పటి నుంచో ఇస్తోంది, ఆలస్యపు రుసుము కూడా లేకుండా.)

‘కుదరని నెల మినిమమ్ డ్యూ కడితే చాలు’

సందేశం మొత్తంలో అతి ప్రమాదకరమైన వాక్యం ఇదే. మినిమమ్ కడితే ఆలస్యపు రుసుము పడదు, ఎగవేతగా నమోదు కాదు. అంతవరకే. వడ్డీ మాత్రం పడుతుంది, అదీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి.

జూన్ 10న 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నారు. జులై 5న బిల్లు, జులై 25 గడువు. ఆ రోజు ఐదు శాతం, అంటే 2,000 మినిమమ్ కట్టారు. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42. ఆగస్టు 5 బిల్లులో ఏం వస్తుందో చూడండి. జూన్ 10 నుంచి జులై 25 దాకా 45 రోజులకు పూర్తి 40,000 మీద వడ్డీ 2,071. మిగిలిన 38,000 మీద ఆగస్టు 5 దాకా 11 రోజులకు 481. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ 459. మొత్తం 3,011. కట్టింది రెండు వేలు, కొత్తగా చేరింది మూడు వేలు. ఖాతాలో నెలనెలా 72 చొప్పున కూడబెట్టిన వాళ్లకు ఈ ఒక్క నెల నష్టం పూడడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది.

రెండో దెబ్బ చాలామంది గమనించరు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని రోజులు ఉండవు. జులై 28న గీకిన 500 రూపాయల కూరగాయలకూ ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బిల్లులో ఒక రూపాయి మిగిల్చినా పరిస్థితి ఇదే అని చాలా కార్డుల నిబంధనల్లో ఉంటుంది.

ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ‘అమ్మో’ అంటాం. ఇది నూటికి మూడున్నర, జీఎస్టీతో నాలుగు దాటుతుంది. కార్డు వడ్డీకి 30 శాతం పరిమితి ఉండాలన్న 2008 నాటి జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కాబట్టి ఆ గీత అడ్డుపడుతుందని ఆశపడే పని లేదు.

ఇప్పటికే ఇందులో చిక్కుకుని ఉంటే, ముందు ఆ కార్డు వాడకం ఆపండి. పాలు, పెట్రోలు కూడా దాని మీద వద్దు. తర్వాత బ్యాంకు యాప్‌లో బాకీని ఈఎంఐగా మార్చే వీలుందేమో చూడండి. 38,000ను ఏడాదికి 16 శాతం చొప్పున 12 నెలలకు మారిస్తే నెలకు దాదాపు 3,448 పడుతుంది. ఏడాది మొత్తానికి వడ్డీ దాదాపు 3,373, దాని మీద జీఎస్టీ 607. మినిమమ్ బాటలో రెండు నెలల్లోపే కాలిపోయిన డబ్బుతో పోల్చుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో బంగారం రుణం సాధారణంగా ఇంతకన్నా చవక. ఈఎంఐకి మారాక కూడా, దానితో కలవని మిగతా బాకీని పూర్తిగా తీర్చేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు తిరిగి రాదు.

‘నో కాస్ట్ ఈఎంఐకి ఖర్చు లేదు’

2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్‌లో సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, వడ్డీని తరచూ ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని చెప్పింది. ఆ తర్వాత అంగళ్లు పేరు మార్చాయి, పద్ధతి మార్చాయి.

ఇప్పటి పద్ధతి ఇలా ఉంటుంది. 30,000 ఫోను, ఆరు నెలలు, నెలకు 5,000. బ్యాంకు వడ్డీ 15 శాతమైతే నిజంగా మీకిచ్చే అప్పు 28,730, వడ్డీ 1,270. ఆ 1,270ని కంపెనీయో అంగడో ముందే తగ్గింపుగా చూపిస్తుంది, కనుక మొత్తం మళ్లీ 30,000 అవుతుంది. కానీ వడ్డీ మీద జీఎస్టీ దాదాపు 229 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. కలిపి 460 పైచిలుకు. ఇది నెలనెలా బిల్లుల్లో చిన్న చిన్న వరుసలుగా వస్తుంది కాబట్టి ఎవరూ కూడి చూడరు.

అసలు ఖర్చు వేరేచోట ఉంది. కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఒకేసారి కడితే ఎంతకిస్తారండీ?’ 28,500 అన్నారనుకోండి. అప్పుడు ఈఎంఐకి మీరు అదనంగా ఇస్తున్నది 1,500, పైన ఆ 460. నెలనెలా తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది నూటికి దాదాపు రెండు రూపాయల వడ్డీ. ఒకే ధర చెబితే, నిజంగానే ఈఎంఐ పెద్ద భారం కాదు, తీసుకోవచ్చు.

వస్తువు వాపసు చేస్తే గొడవ మొదలవుతుంది. అంగడి డబ్బు వెనక్కి ఇస్తుంది గానీ, అప్పటికే పడిన వడ్డీ, జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు చాలాసార్లు రావు. ఈఎంఐ దానంతటదే రద్దు కాకపోవచ్చు, బ్యాంకుకు ఫోన్ చేసి అడగాలి. మధ్యలో ముగిస్తే మూడు శాతం దాకా రుసుము ఉండొచ్చు. చాలా కార్డులు ఈఎంఐ కొనుగోళ్లకు పాయింట్లు ఇవ్వవు.

‘నగదు కావాలంటే కార్డు గీకండి’

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో 10,000 తీస్తే సాధారణంగా రెండున్నర శాతం లేదా కనీసం 500 రుసుము. జీఎస్టీతో 590. వడ్డీ ఆ క్షణం నుంచే: 30 రోజులకు 345, దాని జీఎస్టీ 62. పదివేలకు నెల ఖర్చు 997.

ఇది తెలిసినవాళ్లు ఇంకో దారి చెబుతారు: తెలిసిన కొట్టులో గీకి, రెండు శాతం వదులుకుని నగదు తీసుకోవడం. 50,000 గీకితే చేతికి 49,000. 45 రోజుల్లో కట్టేస్తే ఆ వెయ్యి ఏడాదికి 16 శాతం పైన వడ్డీతో సమానం. కట్టలేకపోతే పైన చెప్పిన నూటికి మూడున్నర దానికి తోడవుతుంది. పైగా ఇది కార్డు నిబంధనలకు విరుద్ధం. ఒకే కొట్టులో రౌండ్ ఫిగర్ మొత్తాలు పదేపదే కనబడితే బ్యాంకు కార్డు ఆపేయగలదు, పాయింట్లు రద్దు చేయగలదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపితే మనుషులకు డబ్బు పంపడం కుదరదు, వ్యాపారులకే చెల్లించగలం. కొట్టు క్యూఆర్‌కు చెల్లించి నగదు తీసుకోమనే సలహా పుట్టింది అందుకే.

‘యూపీఐకి చార్జీలు పడుతున్నాయి, కార్డే మేలు’

తప్పు. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర కూడా ఎండీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి కట్టే రుసుము) లేదు. 2,000 దాటిన యూపీఐకి జీఎస్టీ వేస్తారన్న ప్రచారాన్ని 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఖండించింది. క్రెడిట్ కార్డు గీకితే మాత్రం వ్యాపారికి ఖర్చుంది. ‘కార్డయితే రెండు శాతం ఎక్కువండీ’ అని బంగారం కొట్లలో అనేది అందుకే. రెండు శాతం ఎక్కువిచ్చి ఒక శాతం పాయింట్లు తెచ్చుకోవడం ఏం లాభమో సందేశం రాసినవాళ్లే చెప్పాలి.

‘పాయింట్లు, క్యాష్‌బ్యాక్ అదనం’

పాయింటు విలువ చాలా కార్డుల్లో పావలా చుట్టుపక్కల. వాటిని వాడుకోవడానికే 99 రుసుము ఉంటే జీఎస్టీతో 117, అంటే 468 పాయింట్లు అక్కడే హరీ. ఐదు శాతం క్యాష్‌బ్యాక్‌కు సాధారణంగా నెలవారీ పరిమితి ఉంటుంది, అది దాటాక ఐదు కాస్తా ఒకటో సున్నానో అవుతుంది. ఏడాదికి లక్ష ఖర్చు పెడితే 499 ఫీజు మాఫీ అంటారు. మార్చిలో 15,000 తక్కువైందని అక్కర్లేని మిక్సీ కొనేవాళ్లున్నారు. ఆదా అయ్యేది జీఎస్టీతో కలిపి 589.

పెట్రోలు బంకులో ఒక శాతం సర్‌చార్జి మాఫీ అన్నా, దాని మీద జీఎస్టీ వెనక్కి రాదు. 2,000 పోయిస్తే 3 రూపాయల 60 పైసలు. చిన్న మొత్తమే, కానీ ఖాతా నుంచి యూపీఐ చేస్తే అదీ ఉండదు.

‘ఆటోపే పెట్టేసి మరిచిపోండి’

ఆటోపే మంచిదే, మరిచిపోవడం కాదు. నమోదు పేజీలో రెండు ఎంపికలుంటాయి: టోటల్ అమౌంట్ డ్యూ, మినిమమ్ అమౌంట్ డ్యూ. రెండోది ఎంచుకుని, నెలనెలా డబ్బు కట్ అవుతోంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు కొల్లలు. ఇప్పుడే యాప్ తెరిచి అందులో ‘టోటల్’ ఉందో లేదో చూడండి. కార్డు ఒక బ్యాంకుది, ఖాతా వేరే బ్యాంకుదైతే నమోదుకు రోజులు పడుతుంది కనుక మొదటి బిల్లు చేత్తో కట్టాలి. ఖాతాలో డబ్బు చాలకపోతే కార్డు సంస్థ ఒక రుసుము, ఖాతా ఉన్న బ్యాంకు ఇంకో రుసుము వేస్తాయి.

దీనికి విరుగుడు గడువు తేదీని జీతానికి దగ్గర చేయడం. బిల్లు తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. జీతం 1న వస్తే, బిల్లు తేదీని అంతకు ముందు నెల 17కు మార్చమని అడగండి. గడువు సాధారణంగా 6, 7 తేదీల్లో పడుతుంది, అప్పటికి ఖాతాలో జీతం ఇంకా తరగదు. మారుస్తున్న నెలలో మాత్రం బిల్లు మామూలుకన్నా త్వరగా రావచ్చు, ఆ ఒక్కసారి తేదీ చూసుకుని చేత్తో కట్టండి.