అల్పపీడనం, అరటికాయ బజ్జీ: ఒక విధాన పత్రం

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిన ప్రతిసారీ ప్రభుత్వం కొందరికే కబురు పెడుతుంది. మత్స్యకారులు వేటకు వెళ్లొద్దంటుంది. కోసిన వరి పనలు జాగ్రత్త చేసుకోమని రైతులకి చెబుతుంది. ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయమంటుంది. సంతోషం. కానీ ముసురు పట్టగానే లుంగీ బిగించి, దుప్పటి భుజాన వేసుకుని, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకునే గృహస్థు సంగతేమిటి? అతనికి ఒక బులెటిన్ లేదు, టోల్ ఫ్రీ నంబరు లేదు, ఆదుకునే బృందం లేదు. ఇంట్లో కూర్చుని వానను అనుభవించే వర్గం ఈ రాష్ట్రంలో పూర్తిగా నిర్లక్ష్యానికి గురైందని చెప్పడానికి చింతిస్తున్నాను. ఆ వర్గం తరఫున ఈ విధాన పత్రం సమర్పిస్తున్నాను. సమర్పించడానికి గుమ్మం దాటక్కర్లేదు కాబట్టే ఈ సాహసం.

మన వాతావరణ శాఖ 1875లో మొదలైంది. ఇన్నేళ్ల అనుభవంతో ప్రతిదానికీ ఒక కొలత పెట్టింది. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుఫాను. తుఫాను అయ్యాక దానికి బారసాల కూడా ఉంటుంది; 13 దేశాలు ముందే రాసిచ్చిన జాబితాలోంచి పేరు తీసి పెడతారు. వానకీ అంతే. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే భారీ, 115.6 అందుకుంటే అతి భారీ. పాయింటు తర్వాత అంకెతో సహా లెక్కగట్టిన ఇంత పెద్ద శాఖ, ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాక అల్లం టీ పొయ్యి మీదికి ఎక్కాలో మాత్రం చెప్పలేదు. పర్యవసానం చూడండి. ఒకరింట్లో మబ్బు కనబడగానే టీ పెట్టేస్తున్నారు. పక్కింట్లో కుండపోతగా కురుస్తున్నా ఇంకా మేడ మీద బట్టలు తీసే దశలోనే ఉన్నారు. ఒకే వీధిలో ఇంత అసమానత పనికిరాదు.

పాత కవుల వల్ల కూడా కొంత నష్టం జరిగింది. శరత్తు అనగానే తెల్లమబ్బులు, రెల్లుపూలు, పిండారబోసినట్టు వెన్నెల అని రాసేశారు. ఏ ఊళ్లో కూర్చుని రాశారో గానీ కాకినాడలో మాత్రం కాదు. కోస్తాలో ఆశ్వయుజం, కార్తీకం అంటే నైరుతి వెళ్లిపోతూ, ఈశాన్యం వచ్చేస్తూ, సముద్రం ఇంకా వేడి తగ్గక, ఉపరితల ఆవర్తనాలు పుట్టుకొచ్చే కాలం. 2014 అక్టోబరు 12న, పున్నమి వెళ్లిన నాలుగో రోజు, సరిగ్గా వెన్నెల పద్యాలు చదువుకోవాల్సిన సమయంలో హుద్‌హుద్ విశాఖ మీద పడి చెట్లన్నీ పీకి పోయింది. ఆ తర్వాత జనం పాల ప్యాకెట్ కోసం బారులు తీరారు. రోజుల తరబడి కరెంటు లేదు కాబట్టి వెన్నెల బాగా కనబడే ఉంటుంది, అది వేరే విషయం.

అందువల్ల హాయికి హద్దు గీయడం తక్షణ అవసరం. అల్పపీడనం నుంచి వాయుగుండం దాకా ఉండే వానను 'ఆస్వాదనీయం' అని గెజిట్‌లో ప్రకటించాలన్నది నా ప్రతిపాదన. ఇక్కడొక చిన్న సాంకేతిక సమస్య ఉంది. డాబా ఇంటికి వాయుగుండంగా వచ్చిన వాన, అదే వీధి చివర రేకుల ఇంటికి తుఫానుగా వస్తోంది. తాటాకు పాకకి అదే పెను తుఫాను. ఉప్పాడలో కెరటాలకి ఆనుకుని ఉన్న ఇంటిని ఏ తరగతిలో వేద్దామా అని చూస్తే, తరగతి దొరికేలోపు ఇల్లు సముద్రంలో కలిసిపోతోంది. అంటే గాలి వేగాన్ని బట్టి కాక పైకప్పుని బట్టి వర్గీకరించాల్సి వస్తుంది. అలా మొదలుపెడితే పరిపాలనాపరంగా చాలా చిక్కులు వస్తాయి కనుక ఈ అంశాన్ని ఇంతటితో విడిచిపెడుతున్నాను.

వానరోజు హాయికి ముడిసరుకు ఏమిటంటే చాలామంది టీ, దుప్పటి, మంచి పుస్తకం అంటారు. పుస్తకం సంగతి నాకు తెలుసు; మూడో పేజీ దగ్గర గుండెల మీద బోర్లా పడుకుంటుంది. అసలు ముడిసరుకు తడిసే మనిషి. మనం పొడిగా ఉన్నామన్న సంగతి మనంతట మనకి తెలియదు, ఎదురుగా ఒకరు తడుస్తూ కనబడాలి. ఈ సేవను టీవీ ఛానళ్లు ఏళ్ల తరబడి ఉచితంగా అందిస్తున్నాయి. వాయుగుండం అనగానే ఉప్పాడ బీచ్ రోడ్డు మీద రెయిన్‌కోటు తొడిగి ఒక కుర్రాణ్ణి నిలబెడతాయి. వెనక కెరటం లేచి రోడ్డు మీద విరుచుకుపడుతుంది. 'ప్రజలెవరూ ఇటువైపు రావద్దు' అని అతను అక్కడే నిలబడి చెబుతాడు. మనం దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటాం.

కరెంటు పోతే ఈ సేవకి అంతరాయం కలిగే మాట నిజమే. అప్పుడు స్తంభం ఎక్కే లైన్‌మన్ ఉంటాడు. పూర్తిగా లైవ్, మధ్యలో ప్రకటనలు కూడా ఉండవు. కిటికీలోంచి 'ఇంకా ఎంతసేపయ్యా' అని అడిగే సౌకర్యం అదనం. తర్వాత ఫుడ్ డెలివరీ కుర్రాడు. తను నిలువునా తడిసి, పొట్లం మాత్రం పొడిగా తెచ్చి గుమ్మంలో నిలబడతాడు. 'అక్కడే ఉండు బాబూ, నేలంతా తడైపోతోంది' అని మనం పరిశుభ్రత పాటిస్తాం. వాన పేరు చెప్పి యాప్ నాలుగు రూపాయలు ఎక్కువ వేస్తే మాత్రం ఇది పట్టపగలు దోపిడీ అని ఫ్యామిలీ గ్రూపులో ఆవేదన వెలిబుచ్చుతాం.

ఇక అసలు విషయానికి, అంటే బజ్జీకి వద్దాం. కార్తీకం రాగానే తెలుగిళ్లలో ఒక రాజ్యాంగ సంక్షోభం తలెత్తుతుంది. వాన పకోడీ అడుగుతుంది, పకోడీ ఉల్లిపాయ అడుగుతుంది, ఉల్లి ముట్టుకోవద్దని కార్తీకం అంటుంది. సోమవారం అయితే ఉపవాసం కూడానూ. నక్షత్రం చూశాకే తినాలి. ముసురు పట్టిన రోజున నక్షత్రం ఎక్కడ దొరుకుతుంది? వాతావరణ శాఖ నిజంగా పనికొచ్చే చోటు ఇదే, కానీ వాళ్ల ఉపగ్రహాలకి మన ఆకలి పట్టదు. మధ్యేమార్గంగా అరటికాయ బజ్జీ మీద ఏకాభిప్రాయం కుదిరింది. కర్నూలు వైపు ఈ వానలకే ఉల్లి పొలంలో కుళ్లుతుంది కాబట్టి, మన భక్తికీ మార్కెట్ ధరకీ ఇలా చక్కటి పొత్తు కుదరడం కూడా గమనించాలి.

బజ్జీని లోకం 'చిన్న ఆనందం' అంటుంది. ఎవరికి చిన్నదో విచారించాలి. శనగపిండి జల్లించాలి, వాము నలిపి వేయాలి, ఉప్పూ కారం, చిటికెడు సోడా. పిండి జారైతే బజ్జీ నూనె తాగుతుంది, గట్టిదైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. అరటికాయ ముందే తరిగితే నల్లబడుతుంది, నీళ్లలో వేసి ఉంచాలి. నూనె కాగిందో లేదో ఒక చుక్క పిండి వేసి చూడాలి. మొదటి వాయి తీసేలోపు హాల్లోంచి రెండో వాయి గురించి ఆరా వస్తుంది. వేయించే మనిషికి దక్కేది ఆఖరి వాయి, అదీ చల్లారిపోయాక. ఈ సమాచారమంతా నేను కుర్చీలోంచి సేకరించాను.

తేమ సంగతీ చెప్పాలి. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ వేస్తారు. రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్న రైతు టార్పాలిన్ కొస పట్టుకుని మబ్బు వంక చూస్తూ ఉంటాడు. మబ్బుకి ఆ 17 శాతం నిబంధన ఎవరూ పంపించలేదు. బజ్జీల పిండికి మాత్రం ఇంత తేమ ఉండాలని ఏ జీవోలోనూ లేదు. అయినా, 'పిండి కాస్త జారైనట్టుందే' అని మొదటి ముక్క కొరుకుతూనే నేను కొర్రీ వేయగలుగుతున్నాను. ఏ యంత్రమూ అవసరం లేదు. ఇలాంటి ప్రతిభ ప్రతి ఇంట్లో ఒకటి వృథా అవుతోంది.

ఓడరేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా హెచ్చరికలున్నాయి. వాటిని ఇళ్లకి కూడా వర్తింపజేయాలి. దూరాన ఎక్కడో ఏదో ఏర్పడుతోందని చెప్పేది ఒకటో నంబరు. 'ఈ వాతావరణానికి వేడివేడిగా ఏదన్నా ఉంటే బాగుండును' అన్న మాట గాల్లోకి వదలడం దీని కిందికి వస్తుంది. ఎవర్నీ ఉద్దేశించింది కాదు, ఎవరూ బాధ్యులు కారు. మూడో నంబరు అంటే రేవులోనే ఈదురుగాలి వీచే అవకాశం ఉందని. 'శనగపిండి డబ్బా రెండో అరలో ఉందండీ, కాళ్లు బాగానే ఉన్నాయిగా' అని వంటింట్లోంచి వినబడితే మూడు ఎగరేయొచ్చు. నడిమి నంబర్లు ఎవరింటి ఆనవాయితీని బట్టి వాళ్లు పెట్టుకోవచ్చు. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. 'మా అన్నయ్యైతే వానొస్తే వదినని కూర్చోబెట్టి తనే టీ పెడతాడు' అన్న వాక్యం నేరుగా ఎనిమిదిలోకి వెళ్తుంది. అన్నిటికన్నా పైది పదకొండు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని దానర్థం. రేవు అధికారికి అది ఎప్పుడో గానీ రాదు. గృహస్థుకి మాత్రం బాగా అలవాటే. పిలిస్తే పలుకు ఉండదు, గిన్నెల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గురించి ఎక్కువ చెప్పను. వాన రోజున వాళ్ల ఇంటి నెట్ మీటింగులకి మాత్రమే పనిచేయదు, సినిమాలకి పనిచేస్తుంది. కలెక్టర్ గారి సెలవు గురించి కూడా క్లుప్తంగా. రాత్రంతా పిల్లలు ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ప్రకటన తెల్లారి స్కూల్ బస్సు వీధి మలుపు తిరిగాక వస్తుంది. సెలవిచ్చిన రోజు ఎండ కాస్తుంది. ఈ సెలవు అంగన్‌వాడీల నుంచి కాలేజీల దాకా వర్తిస్తుంది. వంటిళ్లకి వర్తించదు. చట్టంలో వెసులుబాటు లేదనుకుంటాను.

చివరగా నష్టపరిహారం. తుఫాను వెళ్లి, నీళ్లు తీసి, చేలు ఆరాక కేంద్ర బృందం వస్తుంది. ఫొటో ఎగ్జిబిషన్ చూస్తుంది, భోంచేస్తుంది, వెళ్తుంది. పంట నష్టం 33 శాతానికి తగ్గితే పెట్టుబడి రాయితీ లేదు. కొలిచే మనిషి గట్టు మీద ఉంటాడు, చేను నీళ్లలో ఉంటుంది కాబట్టి శాతం ఎప్పుడూ గట్టు మీంచి కనబడినంతే. ఈ విధానం ఇంట్లోనూ బాగా పనిచేస్తుందని నాకు నమ్మకం. అందుకే బజ్జీల కార్యక్రమం ముగిశాక, ఒక కునుకు తీసి, సాయంత్రం నేనే బృందంగా ఏర్పడి వంటింటిని సందర్శించాను. స్టవ్ మీద నూనె చుక్క లేదు. బాణలి తోమి బోర్లించి ఉంది. గట్టు తుడిచేసి ఉంది. క్షేత్రస్థాయిలో నష్టం నా దృష్టికి రాలేదని నమోదు చేసుకుంటూ, నిబంధన ప్రకారం, 'ఫొటోలేమైనా ఉన్నాయా?' అని అడిగాను.

ఉన్నాయట. ఎగ్జిబిషన్ ఫ్యామిలీ గ్రూపులో మధ్యాహ్నం నుంచే నడుస్తోంది. పొట్ట మీద ఖాళీ ప్లేటు పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక గృహస్థుని నాలుగు వైపుల నుంచీ తీశారు. నష్టం 33 శాతం ఎప్పుడో దాటిపోయిందని మా అత్తగారు కింద ధ్రువీకరించారు.