రహస్యానికి ఖరీదు ఉండాలి: సీరియళ్ల నుంచి కథకులు నేర్చుకోదగ్గవి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ కథల వర్క్‌షాపు పెడితే మొదటి గంటలోనే ఎవరో ఒకరు టీవీ సీరియల్ మీద జోకు వేస్తారు. అందరూ నవ్వుతారు, చర్చ అక్కడితో సరి. షార్ట్‌ఫిల్మ్ తీయాలని తిరిగే కావలి కుర్రాడికీ, పత్రికకు కథలు పంపే టీచరమ్మకీ రోజూ ఇంట్లోనే దొరికే పాఠం అలా చేజారిపోతోంది. గొప్ప కథలో పనితనం పైకి కనపడదు. అతుకు తెలియకుండా అతికించారు కాబట్టే అది గొప్ప కథయింది. సీరియల్‌లో అతుకులన్నీ బయటికే కనిపిస్తుంటాయి. నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

ముందు కొలతలు చూద్దాం. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ లెక్కన అరగంటలో 6 నిమిషాలు పోతాయి. టైటిళ్లు, నిన్నటి కథ, రేపటి ప్రోమో కూడా తీసేస్తే రచయిత చేతికి మిగిలేది అటూ ఇటుగా 20 నిమిషాలు. బ్రేకులు దాన్ని మళ్లీ ముక్కలు చేస్తాయి. ప్రతి ముక్క చివరా రిమోట్ మీదున్న వేలిని ఆపాలి, అంటే ఐదారు నిమిషాలకోసారి ఏదో ఒక ప్రశ్న లేవాల్సిందే. సీరియల్ రచన అంతా ఈ ఒత్తిడిలోంచి పుట్టిందే, దాని బలమూ రోగమూ రెండూ.

ఒకే సీరియల్, ఒకే వారం తీసుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లు. ఓటీటీలో చూస్తే మధ్యలో ఆపుకుంటూ రాసుకోవచ్చు. బ్రేక్ ఎక్కడ పడిందో కూడా పట్టుకోవచ్చు, ఎందుకంటే ముఖం మీద ఫ్రీజ్ పడి, అదే షాట్ కొన్ని సెకన్లు మళ్లీ వస్తుంది. నోట్‌బుక్‌లో ప్రతి సీన్‌కూ ఒక వరుస. ఆ వరుసలో ఎవరికి ఏం కావాలి, అడ్డం ఎవరు, సీన్ అయ్యేసరికి ఏం మారింది, ఆ మారిన సంగతి ఎవరెవరికి తెలుసు అన్నవి రాయండి. మొదటిసారి మామూలుగా, రెండోసారి సౌండు తీసేసి చూడండి. మాటలు లేకుండా అర్థమైన సీన్ల పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. అలాంటివి తక్కువే ఉంటాయి, ఆ తక్కువే బంగారం.

చాలామంది తప్పేది "ఏం మారింది" దగ్గర. "గొడవ జరిగింది" అని రాసేస్తారు. గొడవ మార్పు కాదు. గొడవయ్యాక కోడలు బీరువా తాళాలు అత్త చేతిలో పెట్టి పుట్టింటికి పోతే అది మార్పు. గొడవయ్యాక ఎవరి గదిలోకి వాళ్లు పోయి తలుపేసుకుంటే అది ఉత్త చప్పుడు. వారం మొత్తం మీద నిజంగా ఏదో మారిన సీన్లు పది దాటితే ఆ రచయిత ఆ వారం గట్టిగానే పనిచేసినట్టు. సోమవారం ఎపిసోడ్‌నీ గురువారం ఎపిసోడ్‌నీ తారుమారు చేసినా కథ చెడకపోతే మాత్రం ఆ వారమంతా సాగదీత అని రాసుకోవచ్చు.

సాగదీతలోనూ చూడాల్సింది ఉంది. హాల్లో అందరూ ఉండగా అత్తగారు "ఆ బిడ్డ తండ్రెవరో నాకు తెలుసు" అంటుంది. స్టాప్‌వాచ్ నొక్కండి. కొడుకు, కోడలు, ఆడపడుచు, మామ, ట్రే పట్టుకున్న పనమ్మాయి, మెట్ల మీద నిలబడ్డ విలన్. ఒక్కో ముఖం మీదికి రెండు మూడు జూమ్‌లు, వెనక ఉరుము. ఒక్క మాటకు నిమిషం గడిచిపోతుంది. రోజుకు దాదాపు ఒక ఎపిసోడ్ ఫుటేజీ తీయాలి, ఉన్నది ఒకటే ఇంటి సెట్టు. కొత్త సీన్ రాసి, లైటింగ్ మార్చి తీయడం కన్నా ఉన్న ముఖాలనే మళ్లీ చూపడం చవక. అంతవరకు అది ఖర్చు లెక్క. ముఖాల వరుసను మాత్రం జాగ్రత్తగా గమనించండి. ఆఖరి ఫ్రీజ్ ఎవరి మీద పడిందో, ఆ మాటతో ఎక్కువ నష్టపోయేది సాధారణంగా వాళ్లే. రేపటి ఎపిసోడూ వాళ్లదే. దీన్ని కథలోకి తెచ్చుకోవాలంటే అదే మాటను ఆరుగురు విన్నట్టు రాయండి, కాకపోతే ముఖకవళికల వర్ణన నిషేధం. ఒక్కొక్కరూ ఏం చేశారో ఒక్కో వాక్యంలో రావాలి. ఒకరు ఫ్యాన్ ఆపుతారు, ఒకరు ఫోన్ బోర్లా పెడతారు. ఆ వాక్యాలను ఏ వరుసలో పెట్టాలో తేల్చుకునేసరికి ఆ కథ ఎవరిదో మీకే తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి, రహస్యం. సీరియల్‌ను నడిపే ఇంజను అదే. ఒక కాగితం మీద అడ్డంగా రహస్యాలు, నిలువుగా పాత్రలు రాసి, ఎవరికి ఏ ఎపిసోడ్‌లో తెలిసిందో గడిలో వేసుకుంటూ పోండి. కొన్నాళ్లకు ఒక దారి బయటపడుతుంది. ముందు ప్రేక్షకుడికి తెలుస్తుంది. తర్వాత నోరు లేని పాత్రకు, అంటే మంచాన పడ్డ బామ్మకో పనిమనిషికో తెలుస్తుంది. వాళ్లు చెప్పబోయేలోగా యాక్సిడెంటో బెదిరింపో అడ్డం వస్తుంది. ఆ తర్వాత తెలియకూడని మనిషికి తెలుస్తుంది. తెలియాల్సినవాళ్లకు చిట్టచివర తెలుస్తుంది.

2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీక దీపం'ను ఈ కాగితం మీద పెట్టి చూడొచ్చు. భార్య కడుపులోని బిడ్డ తనది కాదని డాక్టర్ భర్త నమ్మాడు. అది విలన్ మోనిత అల్లిన అబద్ధమని చూసేవాళ్లందరికీ తెలుసు. మనకు తెలిసింది అతనికి తెలియదన్న ఆ ఎడమే జనాన్ని ఏళ్ల తరబడి టీవీ ముందు కూర్చోబెట్టింది. డాక్టరై ఉండి డీఎన్ఏ పరీక్ష చేయించుకోడేందని జోకులు పుట్టిందీ అక్కడే. ఎడం సృష్టించడంలో ఆ సీరియల్ మొనగాడు. దాన్ని నిలబెట్టే కారణం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పలచబడింది. "చెప్పేస్తే అయిపోతుంది గదా" అని సోఫాలోంచి ఒక్క గొంతు లేచిందంటే కథ కట్టు తెగినట్టే. నోరు మూసుకోవడానికి "సమయం వచ్చినప్పుడు చెబుతా" సరిపోదు. దాచినందుకు పోయేదానికన్నా చెప్పినందుకు పోయేది ఎక్కువ ఉండాలి.

ఈ లెక్క ఎలా తేలాలో చూడాలంటే పెన్నా ఒడ్డుకే రావాలి. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టింది విరాటపర్వంతో. అదంతా మారువేషాల కథే, ఎవరికి ఏం తెలుసన్న కథే. ఇక్కడ నోరు విప్పితే పడే శిక్ష ముందే ఖరారై ఉంది. అజ్ఞాతవాసంలో బయటపడితే మళ్లీ 12 ఏళ్లు అడవి, ఆపైన ఇంకో ఏడాది అజ్ఞాతం. కాబట్టి నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముడు ఎందుకు లేవడని ఏ పాఠకుడూ అడగడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడి చూపు అక్కడున్న చెట్టు మీదికి పోతుంది. కంకుభట్టు వేషంలోని ధర్మరాజు అది కనిపెట్టి, వంటవాడికి కట్టెలు కావాలంటే ఇంకెక్కడైనా చూసుకోవాలి గానీ పదిమందికి పనికొచ్చే ఈ పండ్ల చెట్టే కావాలా అంటాడు. విరాటుడికి అది వంటచెరకు మాట. భీముడికి ఆగమన్న ఆజ్ఞ. చదివేవాళ్లకు రెండూ వినపడతాయి. ఒక్క ఉరుము లేదు, జూమ్ లేదు. కీచకుడు చచ్చాక రాణి వెళ్లిపొమ్మంటే, సైరంధ్రి వేషంలోని ద్రౌపది ఇంకో 13 రోజులు ఓపిక పట్టమంటుంది. గడువు అంకెతో సహా వచ్చేసింది. ఏ సీరియల్ రహస్యాన్నైనా ఈ సభ పక్కన పెట్టి చూడండి, ఖరీదు ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది.

మాటల విషయంలో సీరియల్‌ను అనుకరించవద్దు. "నాన్న పోయాక నిన్ను చదివించి ఇంతవాణ్ని చేసిన అన్నయ్యని, నా మాటే కాదంటావా తమ్ముడూ" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. నిన్న కరెంటు పోయి ఎపిసోడ్ చూడనివాళ్లకీ, వంటింట్లో తాలింపు వేస్తూ చెవి మాత్రం ఇటు పడేసినవాళ్లకీ కథ అందాలి గనక ఆ బరువంతా డైలాగ్ మోస్తుంది. కథ చదివేవాడు పేజీ వెనక్కి తిప్పుకోగలడు. అతనికి "ఏందిరా, అన్నం తినకుండానే పోతుండావే?" చాలు. అన్నా తమ్ముడూ, వాళ్ల మధ్య అలక, ఊరి యాస అన్నీ అందులోనే ఉన్నాయి.

సీరియల్ మనుషులకు పని ఉండదు. హీరోకి ఏదో కంపెనీ ఉంటుంది, ఫైలు మీద సంతకం పెడతాడు. కథకు దీనివల్ల జరిగే నష్టం పెద్దది, ఎందుకంటే గడువు పుట్టేది పనిలోంచే. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటను తీసుకోండి. రాత్రి రెండింటికి కరెంటు పోయి, జనరేటర్లో డీజిల్ లేక, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి. మీరు కల్పించనక్కర్లేని బ్రేక్ పాయింట్ అది. అదే గుంట చూసుకునే తమ్ముడికి రొయ్యల మీద వైట్‌స్పాట్ తెగులు తెల్లమచ్చలు కనపడ్డాయనుకోండి. చెబితే కొనేవాడు రేటు కోస్తాడు, మేత అప్పు ఇచ్చిన డీలరు గట్టు మీదికొచ్చి కూర్చుంటాడు. చెప్పకుండా నీళ్లు కాలవలోకి వదిలితే కింద గుంటల వాళ్లు మునుగుతారు. తెగులు ముదిరితే గుంట ఖాళీ కావడానికి 3 నుంచి 10 రోజులు చాలు. ఇప్పుడు ఆ కింద గుంటల్లో ఒకటి మేనమామదని చేర్చి గళ్ల కాగితం గీయండి, సీరియల్ నేర్పిన ఎడం సృష్టించే ఒడుపు అంతా ఇక్కడ పనికొస్తుంది. చీమకుర్తి క్వారీతోనో ఉదయగిరి చెక్క గరిటెల పనితోనో కూడా ఇదే అభ్యాసం చేయొచ్చు. పని ఎలా జరుగుతుందో ముందు కనుక్కోవడం మాత్రం తప్పదు.

పాత్ర ఉన్నట్టుండి గుణం మార్చుకుంటే రచయితను తిట్టేముందు గురువారం వచ్చే రేటింగులు గుర్తుచేసుకోండి. విలన్ ఉన్న వారం అంకెలు పెరిగితే విలన్‌కు ఆయుష్షు పెరుగుతుంది, జైలు నుంచి తిరిగొస్తుంది. అంకెలు పడితే కొత్త ట్రాక్ మొదలవుతుంది, పాత గాయాలన్నీ అందరూ మరిచిపోతారు. ఇది కొంతమేరకు మార్కెట్ తప్పే. కానీ అచ్చులో కథ రాసేవాడికి ఆ సాకు లేదు.

ఇదంతా చేశాక, ఆపేయమని ఛానల్ చెప్పిన ఏదైనా సీరియల్ ఆఖరి రెండు వారాలు చూడండి. ఏళ్లుగా దాచినవన్నీ ఒకే హాల్లో, వరసబెట్టి బయటికొస్తాయి. మీ గళ్ల కాగితం పక్కనే పెట్టుకుని, బయటపడ్డ ప్రతి రహస్యానికీ టిక్కు పెట్టండి. టిక్కు పడని గళ్లు కొన్ని మిగులుతాయి, రచయితే మరిచిపోయిన రహస్యాలవి. అందులో ఒకటి తీసుకుని నాలుగు పేజీల కథ రాయండి.