బెల్లం బతికే ఉన్నది

మా బిడ్డ హాస్టల్‌కు పోతపోత రెండు కుందేళ్లను నాకు అంటగట్టి పోయింది. తెల్లది రవ్వ, గోధుమరంగుది బెల్లం. సెలవులకు వచ్చేసరికి గడిగడికీ ఒక కుందేలు బొమ్మ ఉన్న బొంత కుట్టిపెడ్దామని నాకు బుద్ధి పుట్టింది. మా నాయనమ్మయితే పాత చీరలు పరిచి, దబ్బనం అందుకుని, జానతో కొలుచుకుంట కుట్టేసేది. నేను యూట్యూబ్‌ల నేర్చుకున్న. అందుకని గడి 12 అంగుళాలు, కుట్టులోకి పోయేది నాలుగు దిక్కులా పావు అంగుళం, కలిపి 12½ కొయ్యాలె. వరంగల్ చౌరస్తా మ్యాచింగ్ సెంటర్లల్ల బెల్లం రంగు కాటన్ కోసం పడ్డ తిప్పలు ఇంకోసారి చెప్త.

చిక్కంతా బొమ్మతోని వచ్చింది. నెట్‌ల దొరికే కుందేళ్లకు రెండు చెవులూ నిక్కే ఉంటయి. మా బెల్లానికి ఒకటి నిక్కి, ఒకటి వాలి ఉంటది. అట్ల కుట్టకపోతే "ఇదెవరమ్మా?" అని అడిగే పిల్ల మా బిడ్డ. సరే, బెల్లాన్నే చార్టు మీద పెట్టి చుట్టూ గీత గీసి, తర్వాత జిరాక్స్‌ల చిన్నగ చేయించుకుందామనుకున్న. ఇంట్ల నల్ల చార్టే ఉన్నది. టైలర్ సుద్దముక్క తీసిన.

బెల్లం కొత్తిమీర తిని చార్టు దిగిపోయింది. మళ్లీ ఎక్కిస్తే సుద్దముక్క కొరికింది. కుందేలు పళ్లు బతికున్నన్ని రోజులు పెరుగుతనే ఉంటయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాలె. పగటీలి అన్నం వేళ దాటినంక, ఫ్యాను కింద, దానంతట అదే చార్టు మీద ధబ్బున పక్కకు ఒరిగింది.

దీన్ని చూసినోళ్లకే తెలుస్తది. మనసు నిమ్మళమైతే కుందేలు కూర్చున్న కాడనే ఒక పక్కకు పడిపోయి, కాళ్లు బార్ల చాపుతది. పైనుంచి కండ్లు తెరుచుకుని నిద్రపోగలదు. ఎప్పుడు ఏది వచ్చి పట్టుకుంటదోనని భయంతోని బతికే జాతి గదా. కొత్తోళ్లకు మాత్రం అది నూటికి నూరుపాళ్లు ప్రాణం పోయినట్టే.

గాలికని తలుపు బార్ల తీసిపెట్టిన. కొత్తవాడ జంపఖానా మీద బోర్ల పడుకున్న. 2018ల జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) వచ్చిన సరుకే గని, ఆ సంగతి నా మోచేతులకు తెల్వది. ఊపిరి బిగబట్టి తోక దగ్గర మొదలుపెట్టి వీపు దాకా తెల్లగీత గీసుకొచ్చిన. టీవీ క్రైం సీరియల్ల శవం చుట్టూ పోలీసులు గీస్తరు చూడు, అచ్చం అట్లనే.

అప్పుడే మెయింటెనెన్స్ డబ్బుల కోసం మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ సార్ వచ్చిండు. లిఫ్టుల పెంపుడు జంతువులు ఎక్కొద్దని నోటీసు అంటించిన మహానుభావుడు ఆయనే. మా ఇంట్లకు ఎప్పుడూ చెప్పులతోనే అడుగుపెట్టే మనిషి, ఆ రోజు గుమ్మం బయటనే విడిచిండు.

"ఎప్పుడైందమ్మా?" అన్నడు మెల్లగ.

బెల్లం లేస్తదని నేనూ గుసగుసగనే చెప్పిన. "ఇప్పుడే సార్. పొద్దటి సంది కష్టపడితే ఇప్పటికి కుదిరింది."

ఆయన కొంచెంసేపు మాట్లాడలే. "మరి ఇప్పుడేం చేస్తరు?"

"కోస్త సార్. బిడ్డ వచ్చేలోపు కుట్టు పని గూడ అయిపోవాలె."

"కోస్తరా?"

"ముందు దీన్ని కానియ్యాలె. రేపు తెల్లదాని పని పడ్త."

నేను తల ఎత్తలే. ఎట్ల ఎత్తుత? గీత చెవి దగ్గరికొచ్చింది, అది కూడా వాలిన చెవి. వెనుక ఫోను టక్కుమన్నది. చెప్పుల చప్పుడు గబగబ మెట్లు దిగిపోయింది.

గీత పూర్తయినంక ఫోన్ చూస్తే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండ దండాలే. పైన ఫొటో: చార్టు, తెల్లగీత, నడుమ బెల్లం, పక్కన బోర్ల పడ్డ నేను. కింద "మన అపార్ట్‌మెంట్ కుందేలు పరమపదించినది" అని సార్ రాసిన మాట. ఆ వెనుక ఓం శాంతులు. ఒకాయన అలవాటు కొద్దీ శుభోదయం గులాబీలు పెట్టిండు. చివరికి మళ్లీ సారే: "మాంసం కోయుట మన నిబంధనలకు విరుద్ధము."

వాచ్‌మన్ భార్య పైకి వచ్చి గుమ్మంలనే కండ్లు తుడుచుకున్నది. "నిన్ననే నా చేతుల క్యారెట్ ఆకు తిన్నది గదమ్మా!" ఆమె మాట్లాడుతుండంగనే బెల్లం లేచి ఒళ్లు విరుచుకుని, చార్టుల వాలిన చెవి ఉన్న మూలను నమలబట్టింది.

గ్రూపుల బదులిద్దామంటే వీలు లేదు. అడ్మిన్లే రాయాలట. నీళ్ల ట్యాంకర్ గొడవైనప్పుడు సార్ వేసిన తాళం అది, ఇప్పటిదాక తియ్యలే. పుట్టెడు దుఃఖం వచ్చిన ఇంటోళ్లకు కూడా మాట్లాడే హక్కు లేని గ్రూపు!

బెల్లాన్ని ఎత్తుకుని మెట్ల మీదుగనే (లిఫ్టు నిషేధం గదా) కిందికి పోయి చూపించిన. సార్ కళ్లద్దాలు సవరించుకున్నడు.

"ఇది రెండోది గదమ్మా?"

"రెండోది తెల్లగుంటది సార్. ఇది బెల్లం."

"రంగేసిన్రా?"

దానికేం చెప్పాలె? చెవి పట్టుకుని చూపించిన. "ఆ, ఉన్నది ఉన్నది" అని టీవీ దిక్కు తిరిగిండు. గ్రూపుల మాత్రం సవరణ రాలే.

ఈ నెల మెయింటెనెన్స్ చీటీ వచ్చింది. చివరి లైన్ల: "కుందేలు నిమిత్తం ఫినాయిల్ - 150." నేనైతే కట్ట.